పూసే చేతులు, తుడిచే చేతులు

“ఇదేనా మీ కోరుట్ల గాలి?”

సత్యవ్వ మనవరాలి గౌను చేతిని భుజం దాకా లాగి పట్టుకుంది. మోచేతి మడత ఎర్రగా కందిపోయింది. గోకినచోటల్లా చర్మం పగిలి, పసుపుపచ్చని చెక్కు కట్టింది. నాలుగేళ్ల అలేఖ్య ఎవరి మొహమూ చూడకుండా రెండో చేత్తో మోకాలి వెనక గోక్కుంటూ నిలబడింది.

“సిరిసిల్లల మగ్గాల దుమ్ము అంటివి. బాపమ్మ పసుపు అంటివి. మా ఇల్లే విషమంటివి. పొల్లను సంకనేసుకొని తల్లిగారింటికి ఉరికొస్తివి. మరి ఈడ ఎవరి మగ్గమున్నది? ఎవరి పసుపున్నది? చెప్పు మాధవీ!”

మాధవి కుట్టుమిషను ముందు కూర్చుని తెల్ల లంగా అంచు కుడుతూనే ఉంది. అత్తింటి మీద అలిగి వచ్చిందే గానీ, కత్తిరించిన లంగాల మూటను మాత్రం అక్కడ వదిలి రాలేదు. పిల్ల ఒక చంకన, మూట ఇంకో చంకన పెట్టుకుని బస్సెక్కింది. కుట్టుపని ఎవరి అలకలూ చూడదు కదా.

“వదినె, ముందు కూసో. పొద్దుగాల మొదటి బస్సుకు వస్తిరి, చాయన్న తాగలేదు,” అంది మాధవి తల్లి లసుమవ్వ. ఆవిడ గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాటకు మాట చెబుతున్నా వేళ్లు మాత్రం ఆగలేదు.

“చాయకు వచ్చిన్నా వదినె నేను? నా మనవరాలిని తీస్కపోను వచ్చిన.”

“ఎట్ల తీస్కపోతరు అత్తమ్మా?” మిషను టక్కున ఆగింది. “తీస్కపోయి మల్ల పసుపు పెడతరా?”

“పెడ్త! మా అవ్వ మాకు పెట్టలేదా? నేను నీ మొగనికి పెట్టలేదా?”

“డాక్టరమ్మ పెట్టద్దన్నది.”

“డాక్టరమ్మ ఇచ్చిన మందు పెట్టంగ ఏమాయె? నెలలు గడిచిపాయె! ట్యూబు పట్టుకొని తిరుగుడే గని పొల్ల గోకుడు ఆగిందా?”

సిరిసిల్లలో ఉన్నప్పుడు మాధవికి జవాబు తేలిక. మగ్గాల సాల్లో ఎగిరే నూగు, అత్త పసుపు, మొగుడి బద్ధకం, ఏది కావాలంటే దాని మీదికి వేలు చూపించేది. ఇక్కడ చూపించడానికి వేలుంది గానీ ఎదురుగా ఎవరూ లేరు. వచ్చిన కొత్తల్లో కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ ఇదివరకటి కంటే ఎక్కువగా లేచింది. దాంతో ఆమెకు ప్రపంచం మొత్తం మీద చిరాకు పుట్టింది.

“పురుగులున్నయని రిపోర్టుల రాలేదా? దూది పుల్ల పెట్టి తీసి ల్యాబుకు పంపిండ్రు. బ్యాక్టీరియా అని వచ్చింది. పసుపుతోని పోతదా అది?”

“అగో! మల్ల గదే మాట! నా ఇంట్ల పురుగులా? మూడు పూటలు ఊడుస్త నేను. నా ఇంట్ల నేల మీద అన్నం పెట్టుకొని తినచ్చు.”

“మీ ఇంట్ల అని నేనన్నన్నా? పొల్ల తోలు మీద అన్న.”

“పొల్ల ఎవరింట్ల పెరిగింది మరి?”

ఆ రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఇదే తంతు. కాగితం మీద ఉన్నది పిల్ల చర్మం సంగతి. సత్యవ్వ మాత్రం అది తన గిన్నెల మీద, తన గుమ్మం మీద, తన పుట్టుక మీద వచ్చిన తీర్పు అనుకుంది. మాధవేమో ఆ రోజు నుంచి పిల్లకు మామూలు నీళ్లు పోయడమే మానేసింది. క్రిములు చచ్చే ఘాటు మందు బకెట్లో కలిపి, తెల్లగా పొగలా తిరిగాక, పొద్దునా సాయంత్రం ఆ నీళ్లతో రుద్దేది. పిల్ల ఏడిస్తే “మండితెనే సస్తయి” అని సముదాయించేది.

గుమ్మంలో నిలబడ్డ సంపత్ గొంతు సవరించుకున్నాడు. మాధవి మొగుడు, పవర్‌లూమ్ మీద పని. ఇంట్లో జగడం జరిగితే చాలాసేపు నోరు విప్పడు. విప్పినప్పుడు మాత్రం మాట్లాడకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది.

“ఎల్లంతకుంటల ఒకాయన ఆకుమందు పోస్తడట...”

“నువ్వు నోరు మూసుకో,” అన్నారు అత్తాకోడళ్లు. చాలాకాలం తర్వాత ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది.

అలేఖ్య ఈలోగా అమ్మమ్మ దగ్గరికి నడిచింది. చాటకు బెత్తెడు దూరంలో ఆగింది. మోచేతులు రెండూ ఒంటికి ఎడంగా పెట్టి, చాటలోని తునికాకు వైపు చూస్తూ నిలబడింది.

“రా నా తల్లీ, పక్కకు కూసో,” అంది లసుమవ్వ.

పిల్ల తల అడ్డంగా ఊపింది. కాసేపు నిలబడి, పోయి గచ్చు మీద ఒంటరిగా కూర్చుంది.

“చూసినవా? అందరి మీద కోపమొచ్చింది దానికి,” అంది సత్యవ్వ. “ఎవరి ఒళ్లె కూసుంటలేదు. సిరిసిల్లల నా ఒడి దిగేది కాదు.”

“మీ లొల్లికి జడుసుకున్నది,” అంది మాధవి.

“నా లొల్లికా?”

“ఇగో అత్తమ్మా, గీ పంచాది ఈడ తెగదు.” మాధవి లేచి నిలబడింది. ఒంటి నిండా దారం పోగులు. “జగిత్యాల పోదాం. డాక్టరమ్మనే అడుగుదాం. ఇది మీ ఇంటి నుంచే అయిందని ఆమె అన్నదనుకో, నేను సిరిసిల్ల గడప తొక్క. పొల్ల ఈడనే పెరుగుతది.”

“కాదంటె?”

“కాదంటె గాడి నుంచే మీ వెంట సిరిసిల్ల బస్సెక్కుత.”

లసుమవ్వ వేళ్లు అప్పుడు ఆగాయి. సంపత్ పెళ్లాం మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు. వెనక్కి తీసుకునే మాటలు కావవి. సత్యవ్వ కొంగు బొడ్లో దోపుకుంది.

“నడువు. ఆమెనే అడుగుదాం.”

*

మెట్‌పల్లి నుంచి వచ్చే బస్సు కోరుట్లకే నిండిపోయి వచ్చింది. ఆడవాళ్లిద్దరికీ కండక్టర్ పైసా తీసుకోని జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. సంపత్ తన టికెట్ తీసుకుని ఫుట్‌బోర్డు దగ్గరే ఉండిపోయాడు. అక్కడ ఉంటే ఎవరి పక్కనా నిలబడినట్టు కాదు.

ఇద్దరు పెద్దమనుషులు లేచి సీటిచ్చారు. అత్తా కోడలూ పక్కపక్కనే కూర్చోవలసి వచ్చింది. ఇద్దరి మధ్యా పిల్ల కూర్చునేంత జాగా వదిలారు, ఆ బస్సులో కూడా.

“రా, ఒళ్లె కూసో,” అంది మాధవి.

అలేఖ్య రాలేదు.

“నా తానకు రా బిడ్డా,” అంది సత్యవ్వ, కోడలి కంటే కాస్త గట్టిగా.

అలేఖ్య అక్కడికీ రాలేదు. సీటు రాడ్ పట్టుకుని, మోచేతులు ఎడంగా పెట్టి, బస్సు ఊగినప్పుడల్లా ఊగుతూ జగిత్యాల దాకా నిలబడే వచ్చింది. పిల్ల నిలబడినందుకు అత్త కోడలిని చూసింది, కోడలు అత్తను చూసింది. దారి పొడుగునా కనిపించిన పసుపు చేలలో ఒక్క ఆకైనా వాళ్ల కంటికి ఆనలేదు.

*

జగిత్యాల క్లాక్ టవర్ దగ్గరి సందులో ఆస్పత్రి. డాక్టరమ్మ సన్నగా, కళ్లద్దాలు తలమీదికి నెట్టుకుని ఉంటుంది. పిల్ల చేతులు, మెడ, మోకాళ్ల వెనక అన్నీ చూసింది. చెక్కు కట్టిన చోట వేలితో తాకకుండా లైటు వేసి చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె నొసలు ముడిపడింది.

“మేడం, ముందు ఒక్క మాట చెప్పండ్రి,” మాధవి కుర్చీ అంచున కూర్చుంది. “గిది వాళ్లింటి వల్లనా, కాదా?”

“ఎవరింటి?”

“మా ఇంటి అంటది సారూ,” అంది సత్యవ్వ. ఆవిడకు ఏ డాక్టరైనా సారే. “పురుగులట! మీరే చెప్పిండ్రట!”

“ఆగండమ్మా. మందు తెచ్చారా?”

మాధవి బ్యాగులోంచి ట్యూబు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున చిన్న మడత తప్ప ట్యూబు నిండుగా ఉబ్బి ఉంది.

“ఇది కొత్తదా?”

“కాదు మేడం. మీరు మొదటిసారి రాసిచ్చిందే.”

“అప్పుడు రాసిచ్చింది ఇంకా అయిపోలేదా? రోజుకు రెండుసార్లు పూయమన్నాను కదా. ఎవరు పూస్తున్నారు?”

“నేను,” అంది మాధవి.

“నేను గూడ,” అంది సత్యవ్వ. “కోడలు కుట్టువనికి కూసుంటె నేనే పూస్త.”

కోడలు తల తిప్పి చూసింది. ఆమెకు ఈ సంగతి తెలియదు.

“నేను సుత పూసిన,” అన్నాడు సంపత్ తలుపు దగ్గర నుంచి. “ఇద్దరు కొట్లాడుకునేటప్పుడు పొల్లను మగ్గాల సాలకు తీస్కపోత. గాడ పూస్త.”

“ముగ్గురు పూస్తే ఈ ట్యూబు ఎప్పుడో అయిపోవాలి! ఎంత పూస్తున్నారు? చూపించండి.”

మాధవి చిటికెన వేలి గోటి కొస చూపించింది. “స్టెరాయిడ్ అని ఫోన్ల చూసిన మేడం. తోలు పల్చగ అయితదట. గందుకే జరంత.”

“ఫోన్‌లో చూసి నాకు చెప్పకుండా తగ్గించారు. బాగుంది. అవ్వా, మీరు?”

“ఆవగింజంత. గరం మందేమో అని.”

డాక్టరమ్మ కళ్లద్దాలు కళ్లమీదికి దించుకుంది. “సరే. పూసిన తర్వాత?”

మాధవి చేయి చాచి ట్యూబును వెనక్కి తీసుకుంది.

“పూసిన తర్వాత ఏం చేస్తారు? చర్మం మీద కొంచెమైనా మందు జిడ్డు ఉండాలి. ఈ పిల్లకు పొట్టులా రాలుతోంది. అడుగుతున్నాను, పూసిన తర్వాత ఏం చేస్తారు?”

సత్యవ్వ కొంగు సర్దుకుంది. సంపత్ గోడమీది క్యాలెండర్ చూశాడు. మాధవి ట్యూబు మూత తిప్పింది, మళ్లీ బిగించింది.

“నువ్వు చెప్పు బిడ్డా,” డాక్టరమ్మ పిల్లవైపు వంగింది.

అలేఖ్య పెదవులు బిగించింది. “చెప్పద్దన్నరు.”

“ఎవరన్నారు?”

పిల్ల చేయెత్తి అమ్మను చూపించింది. తర్వాత బాపమ్మను చూపించింది. తర్వాత తలుపు దగ్గరున్న తండ్రిని చూపించింది.

“అమ్మ పూస్తది. మంచం మీద లంగాలుంటయి కద, అంటుతదని తుడుస్తది. బాపమ్మ పూస్తది. తెల్ల బట్ట మడత పెడ్తది కద, ఒళ్లె కూసుంటె అంటుతదని కొంగుతోని తుడుస్తది. డాడీ బట్ట తాను మీద కూసోవెడ్తడు. మగ్గం తుడిచే పోగులతోని తుడుస్తడు. బాపమ్మకు చెప్పకు అంటది అమ్మ. అమ్మకు చెప్పకు అంటది బాపమ్మ.”

సిరిసిల్లలో తెల్ల లంగా గుడ్డ మీద జిడ్డు మచ్చ అంటే చిన్న విషయం కాదు. ఆ మచ్చ ఎక్కడి నుంచి వచ్చిందని బట్ట నేయించే ఆసామి అడగడు, బట్ట తాను మొత్తం వెనక్కి పంపుతాడు. ఆ మధ్య ఒకసారి పంపాడు కూడా. ఆ రోజు నుంచి ఇంట్లో ముగ్గురూ ఎవరికి వారే, ఒకరికి తెలియకుండా ఒకరు పిల్లను తుడుస్తున్నారు. తిలాపాపం తలా పిడికెడు. మందు పూయడం లేదని ఒకరినొకరు తిట్టుకున్న నోళ్లే మూడూ.

“మగ్గం తుడిచే పోగులతోనా?” డాక్టరమ్మ గొంతు మొదటిసారి పెరిగింది. “పగిలిన చర్మం మీద?”

“మెత్తటియే మేడం,” అన్నాడు సంపత్. ఈసారి కూడా మాట్లాడకుండా ఉంటే బాగుండేది.

“స్నానం?”

మాధవి బకెట్ సంగతి చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గింది. “పురుగులున్నయని రిపోర్టు వచ్చింది కద మేడం. సస్తయని...”

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఎవరిమీద కోప్పడాలో తెలియక, టేబుల్ మీది పెన్నును తీసి ఇంకోచోట పెట్టింది.

“వినండమ్మా. బ్యాక్టీరియా మీ ఒంటిమీద లేవా? నా ఒంటిమీద లేవా? మంచి చర్మం మీద కూడా ఉంటాయి. రకరకాలవి, ఒకదాన్ని ఒకటి అదుపులో పెట్టుకుని బతుకుతాయి. ఇలా వాచి పగిలినప్పుడు వాటిలో ఒక జాతి రెచ్చిపోతుంది. మిగతావి తగ్గిపోతాయి. రిపోర్టులో వచ్చింది ఆ ఒక్కటే. మీరు ఘాటు నీళ్లు పోస్తున్నారు. చర్మం ఇంకా ఎండిపోయి ఇంకా పగులుతోంది. దానికి కావలసింది అదే.”

“పొలంల మందు కొట్టినట్టు,” అంది సత్యవ్వ మెల్లగా. “తుంగ ఒక్కటి సావది. మిగిలిన గడ్డి అంత పోతది.”

“దాదాపు అంతే అవ్వా. అందుకని నేనిచ్చిన ఆయింట్‌మెంట్ పురుగులను చంపే మందు కాదు. వాపు తగ్గించే మందు. వాపు తగ్గితే చర్మం పగుళ్లు మూసుకుంటాయి. మూసుకుంటే ఆ ఒక్కదాని పెత్తనం తగ్గుతుంది, తక్కినవి వాటంతటవే తిరిగి వస్తాయి. ఎవరూ తరమక్కర్లేదు. కానీ మందు ఒంటిమీద ఉండాలి కదా! నేను ట్యూబు పనిచేయడం లేదనుకుని ఇంకా గట్టి మందు రాయబోయాను ఇప్పుడు. తెలుస్తోందా?”

ఆమె ట్యూబు మూత తీసి, తన చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా తెల్లటి గీతలా పిండింది. “ఇంత. రెండు అరచేతులంత చోటుకు ఇంత. చెప్పినన్నాళ్లు ఇంత పూస్తే తోలు పల్చబడదు. భయపడి ఆవగింజంత పూస్తే ఏడాదైనా తగ్గదు. చెక్కు కట్టినచోటికి వేరే మందు రాస్తున్నాను. జ్వరం వచ్చినా, చీము పెరిగినా అదే రోజు తీసుకురండి, ఇక్కడ ఉంచుకోవలసి వస్తుంది. మామూలు గోరువెచ్చని నీళ్లు. పసుపు వద్దు, ఘాటు మందు వద్దు.”

“ఆకుమందు?” అన్నాడు సంపత్.

డాక్టరమ్మ పిల్ల చేతిని తనవైపు తీసుకుంది.

“ఇంకొకటి. ఒక్కరే పూయాలి. ముగ్గురు కాదు. ఎవరో మీరే తేల్చుకోండి.” ఆ తెల్లటి మందును పిల్ల మోచేతి మడతలో మెల్లగా పరిచింది. రెండో చేతికీ పరిచింది. అలేఖ్య ఊపిరి బిగబట్టి చూసింది.

మాధవికి అడగాలని ఉంది. వాళ్లింటి వల్లనా, కాదా? అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

*

బస్టాండులో ముగ్గురూ ఒక బెంచీ మీద కూర్చున్నారు. ఈసారి మధ్యలో జాగా వదలలేదు. వదలాలన్న పట్టింపు ఎవరికీ మిగల్లేదు.

“నాది తప్పే,” అంది సత్యవ్వ. “తాను మల్ల ఎనుకకు వస్తదేమో అని...”

“నేను పొల్లను తీస్కొని కోరుట్లకు వస్తి,” అంది మాధవి. “లంగాల మూట సుత పట్టుకొని వస్తి. మీ ఇంట్ల నుంచి వచ్చిన గని, గదాన్ని ఇడవలేదు.” ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ముందు ఒళ్లుమంట వచ్చింది. అత్త మీద కోప్పడడానికి ఎంత సుఖంగా ఉండేది! ఇప్పుడు కోప్పడాలంటే తనతోనే మొదలుపెట్టాలి.

“మరి ఏ బస్సు?” అన్నాడు సంపత్. “వాళ్లింటిది కాదు, వీళ్లింటిది కాదు అని తేలె. పందెం ఎవరు గెలిచినట్టు?”

“నువ్వు నోరు మూసుకో,” అనబోయి ఇద్దరూ ఆగారు. మొదటిసారి అతనడిగింది సరైన ప్రశ్న.

సిరిసిల్ల పోతే మగ్గాల సాలు, మడతపెట్టే తెల్ల బట్ట, అత్త ఒడి. కోరుట్లలో ఉంటే మిషను మీద సగం కుట్టిన లంగాలు, చాటలో తునికాకు. పిల్ల జిడ్డు మోచేతులు ఆనించుకోవడానికి ఏ ఇంట్లో జాగా ఉందో మాధవి లెక్క చూసుకుంది. రెండిళ్లలోనూ కనిపించలేదు.

అలేఖ్య బెంచీకి బెత్తెడు దూరంలో నిలబడి ఉంది. మోచేతులు రెండూ ఎడంగా పెట్టుకుని ఉంది.

“కాళ్లు గుంజుతయి బిడ్డా. రా, ఒళ్లె కూసో,” అంది మాధవి.

“వద్దు. అంటుతది.”

“దేనికి అంటుతది?”

“చీరకు.”

మాధవికి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కోరుట్లలో చాట ముందు, బస్సులో రాడ్ పక్కన, గచ్చు మీద ఒంటరిగా. కోపం కాదు. భయమూ కాదు. పిల్ల బట్టను కాపాడుతోంది. ఇంట్లో వాళ్లు ముగ్గురూ ఏం నేర్పారో అదే చేస్తోంది.

సత్యవ్వ చేయి అలవాటుగా కొంగు మీదికి పోయింది. మధ్యలోనే ఆగి, కొంగును నడుముకు బిగించి ముడివేసుకుంది.

“అంటనియ్యి తల్లీ,” అంది మాధవి. “అంటితె అంటనియ్యి.”

“మల్ల తుడుస్తవ్.”

“తుడువ.”

“బాపమ్మ తుడుస్తది.”

“తుడువ బిడ్డా,” అంది సత్యవ్వ.

అలేఖ్య తండ్రి వైపు చూసింది. సంపత్ తల అడ్డంగా ఊపాడు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ లేచారు. మాధవి వంగి పిల్లను ఎత్తుకుంది. పిల్ల ఏడవలేదు, పెనుగులాడలేదు. ఎత్తుకోగానే మెడచుట్టూ చేతులు వేసే పిల్ల, రెండు చేతులూ పైకెత్తి గాలిలో పట్టుకుని ఉండిపోయింది.

“ఎయ్ బిడ్డా, చేతులు నా మెడ మీద ఎయ్.”

వేయలేదు.

“సిరిసిల్లా, సిరిసిల్లా!” కండక్టర్ తలుపు మీద కొట్టాడు. “ఎక్కుతరా లేదా, జల్ది!”

“మాధవీ, ఎక్కుతున్నవా?” సంపత్ ఒక కాలు మెట్టు మీద వేసి అడిగాడు.

“ముందు దీని చేతులు దింపనియ్యి,” అంది మాధవి.

సంపత్ మెట్టు మీది కాలు దించుకున్నాడు, బస్సు వాళ్లు లేకుండానే కదిలింది. అలేఖ్య చేతులు ఇంకా పైనే ఉన్నాయి.